పోపుల డబ్బాలో దొరికిన బిళ్లలు

పేరు కుంట ఆశన్న. తండ్రి ఎర్రన్న. వయసు నలభై నాలుగు. కంపెనీ మెస్సులో వంటమనిషిని. ఊరు నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు పక్కన. ఇప్పుడు ఉంటున్నది దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని కంపెనీ క్యాంపు, ముప్పై ఒకటో నంబరు రూము. ఈ వాంగ్మూలం 2008 మార్చి 11, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, విమానాశ్రయం పక్కనున్న పోలీసు ఆఫీసు రెండో గదిలో మొదలుపెట్టాను. నేను తెలుగులో చెబుతుంటే దుబాసీ నూర్ మొహమ్మద్ గారు పోలీసు సారుకు అరబ్బీలో చెప్పి, తెలుగులోనూ రాసుకుంటున్నారు. ఆయనది హైదరాబాదు.

నిన్న ఇదే గదిలో ఇదే కుర్చీలో కూర్చుని, నా సంచిలో దొరికిన బిళ్లలు నావేనని చెప్పాను. అది అబద్ధం. ఏ జబ్బుకు అని సారు అడిగితే కడుపునొప్పికి అన్నాను. రోజుకు ఎన్ని వేసుకుంటావంటే, నొప్పిని బట్టి అన్నాను. వంటవాడికి కడుపునొప్పేమిటని నూర్ మొహమ్మద్ గారికి నవ్వొచ్చింది. సారుకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ బిళ్లలు హన్మాండ్లువి. నేనూ హన్మాండ్లూ ఒకే విమానంలో ఈ దేశం వచ్చాం. ఆరేళ్లుగా ఒకే రూములో ఉంటున్నాం. అతని జబ్బు సంగతి ఎవరికీ చెప్పనని అతనికి మాట ఇచ్చాను. అందుకే నిన్న అబద్ధం చెప్పాను. ఇవాళ పొద్దున తొమ్మిదిన్నరకు హన్మాండ్లు తనే ఇక్కడికి వచ్చి, ఆ మాట వాపసు తీసుకున్నాడు. అందుకే ఇప్పుడు నిజం చెబుతున్నాను.

దొరికిన వైనం ఇది. మొన్న ఆదివారం, తొమ్మిదో తారీకు, బేగంపేట నుంచి వచ్చిన విమానం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు దిగింది. ఎనిమిదీ ఐదుకు కస్టమ్స్ అతను నా సంచి తెరిపించాడు. మామిడికాయ తొక్కు చూశాడు, జొన్నపిండి చూశాడు, పక్కన పెట్టాడు. తర్వాత స్టీలు పోపుల డబ్బా తీశాడు. మసాలానా అని అడిగితే అవునన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు, పోపుల డబ్బా అంటే నోరు అలవాటుగా అవుననేసింది. మూత తీస్తే ఏడు గిన్నెల్లోనూ తెల్ల బిళ్లలు, పెద్దవి, చిన్నవి. అతను ఒకటి తీసి వాసన చూశాడు. మెంతుల వాసన వచ్చింది. కుక్కలు వాసన పసిగట్టకుండా మెంతులు రుద్దానని రాసుకున్నారట. అదేమీ కాదు. కొత్త స్టీలు వాసన పోవాలని ఏ కొత్త డబ్బాలోనైనా నేను ఒక రోజు మెంతులు పోసి ఉంచుతాను. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని.

చీటీ ఏదని అడిగారు. చీటీ ఇంట్లో ఉండిపోయింది. బిళ్లల రేకులు ఏవని అడిగారు. రేకులు చెత్తలో పారేశాను. ఆ చిన్న బిళ్లలను డాక్టరు చీటీ లేకుండా, ఇక్కడి అనుమతి లేకుండా తీసుకురాకూడదని నాకు ఆ రోజే తెలిసింది. తెలియకపోవడం తప్పే. కానీ రేకులు ఎందుకు చింపానో చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి. కుదురుగా చెబుతాను, సారు కాస్త ఓపిక పట్టాలి.

2002 అక్టోబరులో సముద్రం ఒడ్డునున్న ఉమ్ అల్ క్వైన్ క్యాంపులో దిగాం. పద్నాలుగో నంబరు రూము, ఆరు మంచాలు, ఒక కూలరు. కిటికీ తీస్తే ఉప్పుగాలి, ఎండబెట్టిన చేపల వాసన. ఆ వాసన వస్తే అప్పుడు ముక్కు మూసుకునేవాణ్ణి. ఇప్పుడున్న క్యాంపులో సిమెంటు వాసన తప్ప ఏమీ రాదు, ఆ చేపల వాసన కోసం మనసు కొట్టుకుంటుంది. హన్మాండ్లు షటరింగ్ కార్పెంటర్, కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే పని. అతను బిగించిన చెక్కలో నీళ్లు పోసినా కారవని ఫోర్‌మన్ అనేవాడు. మంచి చెయ్యి. ఆ చెయ్యి సంగతి రాసుకోండి, అది అవసరం.

ఆ చేత్తోనే రూము మొత్తానికి ఉత్తరాలు రాసేవాడు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ అతని మంచం చుట్టూ చేరేవాళ్లు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. అందరం బాగున్నాం, నువ్వు బాగుండు అని నేను చెబితే, అంతేనా అని నా మొహం చూసి, తనంతట తనే రాసేవాడు. ఒకసారి "బెండకాయ వండినప్పుడల్లా నువ్వు యాదికొస్తవు" అని రాసి పంపాడట. నా భార్య ఆ ఉత్తరం పక్కింటి పిల్లతో నాలుగు సార్లు చదివించుకుంది. నేను సెలవుకు వెళితే నెల రోజులూ బెండకాయే వండింది. నాకు బెండకాయ అంటే అంత ఇష్టం లేదు. ఇన్నేళ్లయినా ఆమెకు చెప్పలేదు.

నాకు చదువు రాదు. జీతం కాగితం మీద వేలు పెట్టేవాణ్ణి. "దుబాయ్ అచ్చి గూడ ఏలుముద్రనేనా అన్నా, ఇజ్జత్ పోతది" అని హన్మాండ్లు పట్టుబట్టాడు. రొట్టెల పిండి కలిపే పరాతులో గోధుమపిండి పలచగా పరిచి, నా వేలు పట్టుకుని మూడక్షరాలు దిద్దించాడు. ఆ, శ, న్న. తప్పు పోతే పరాతును ఒక్కసారి ఊపేవాడు, పిండి మళ్లీ చదునయ్యేది. పదకొండు శుక్రవారాలు పట్టింది. నేర్చుకున్న రోజు ఆ పిండితోనే రొట్టెలు చేశాను.

సారు గడియారం చూస్తున్నారు. జబ్బు సంగతికి వస్తున్నాను.

2005 జూన్‌లో హన్మాండ్లుకు కూలరు మాట్లాడుతున్నట్టు వినపడటం మొదలైంది. మొదట మేము నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తర్వాత పనిలో వాళ్లు తన మీద కుట్ర చేస్తున్నారన్నాడు. తర్వాత విషం పెట్టారని అన్నం మానేశాడు. మూడేళ్లు నా చేతి అన్నం తిన్నవాడు, నా ఎదురుగా పళ్లెం నెట్టేసి, "నువ్వు గూడ కలిపినవే అన్నా" అన్నాడు. నేను అతని ముందే అదే పళ్లెంలో తిని చూపించాను. అయినా తినలేదు. అంత దుఃఖం మా నాయిన పోయినప్పుడు కూడా నాకు రాలేదు.

కంపెనీ వ్యాను నడిపే జానీ బాషాది నెల్లూరు. అతనూ నేనూ కలిసి మా మేనేజరు, అదే ముదీర్ దగ్గరకు వెళ్లి, హన్మాండ్లుకు కామెర్లని చెప్పాం. పిచ్చి అంటే ఆ రోజే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తారని భయం. ఎమర్జెన్సీ సెలవు ఇచ్చారు. నిజామాబాదులో ఒక డాక్టరమ్మ చూసింది. మూడు నెలలకు తిరిగి వచ్చాడు. కూలరు మాట్లాడటం లేదు. వచ్చీ రాగానే నా దగ్గరకు వచ్చి పళ్లెం పట్టాడు, "ఎయ్యే అన్నా, ఆకలైతుంది" అన్నాడు. మందు పనిచేసింది. ముందు ఈ మాట రాయండి. మందు చెడ్డదని నేను ఎప్పుడూ అనను.

కానీ మందుతో పాటు వేరేవి వచ్చాయి. చేతులు వణికేవి. మొహంలో నవ్వు తగ్గిపోయింది, మనిషి నవ్వుతున్నాడో లేదో అడిగి తెలుసుకోవలసి వచ్చేది. నడిస్తే చేతులు ఊగేవి కావు. పొద్దున లేస్తే దిండు చొంగతో తడిగా ఉండేది, మళ్లీ పగలంతా నోరు ఎండిపోయేది. కూర్చోలేకపోయేవాడు. "కూసుంటే లేవబుద్ధి, లేస్తే కూసోబుద్ధి, కాళ్లల్ల చీమలు వారుతున్నట్టున్నది" అనేవాడు. ఒళ్లు వచ్చింది, రెండు నెలల్లో ప్యాంట్లన్నీ బిగుతయ్యాయి. ఉత్తరాలు రాయడం మానేశాడు. రాయమని వచ్చినవాళ్లకు కళ్లు మంటలని చెప్పేవాడు. ఒకసారి అతను పారేసిన కాగితం చూశాను. మొదటి లైనులో అక్షరాలు బాగానే ఉన్నాయి, పోనుపోను చిన్నవై, చివరికి ఆవాల కన్నా చిన్నవయ్యాయి.

ఆ వణుకుకూ బిగుసుకుపోవడానికీ డాక్టరమ్మ రెండో బిళ్ల ఇచ్చింది. అదే ఈ చిన్న బిళ్ల. పెద్ద బిళ్ల జబ్బుకు, చిన్న బిళ్ల పెద్ద బిళ్ల చేసే తుంటరి పనులకు. నాకు అర్థమైనంత వరకు అంతే.

2006 మే 12, శుక్రవారం, మధ్యాహ్నం రెండుంపావు. చిన్న బిళ్లలు అయిపోయి నాలుగు రోజులైందట, పెద్దది ఉంది కదా చాలులే అని మాకు చెప్పలేదు. భోజనం మధ్యలో అతని మెడ కుడి పక్కకు తిరిగిపోయింది. తిప్పుదామంటే రాలేదు. కళ్లు పైకి వెళ్లిపోయాయి. దవడ బిగుసుకుంది, మాట రాలేదు, కానీ తెలివి ఉంది, నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కుతున్నాడు. రూములో ఒకతను గాలి సోకిందన్నాడు, ఇంకొకతను నిమ్మకాయ తెమ్మన్నాడు. జానీ బాషా వచ్చి అరిచాడు. "నిమ్మకాయేందప్పా, మనిషి అట్టా కొయ్యబారిపోతా ఉంటే! ఎత్తండి, బండెక్కించండి!" పక్కనున్న అజ్మాన్‌లో తెలుగు డాక్టరు ఉన్నారని అతనికి తెలుసు. డాక్టరు వేణుగోపాలరావు గారు.

ఆయన చూసి, ఏ మందు వాడుతున్నాడని అడిగారు. నేను అబద్ధం చెప్పబోయాను. ఆయన నా మొహం మీదే అన్నారు, "నాతో కూడా దాస్తే ఈ మెడ ఇలాగే ఉంటుందయ్యా." చెప్పేశాను. ఇంజక్షన్ ఇచ్చారు. గోడ మీద గడియారం చూస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు మెడ దానంతట అదే ముందుకు వచ్చింది. హన్మాండ్లు మొదట అన్న మాట ఇది: "చెవుల ఆ మాటలు పోయినయి సారూ. కానీ నా చెయ్యి నాది కాకుంట పోయింది."

డాక్టరు గారు చాలాసేపు మాట్లాడారు. "ఇది గాలీ కాదు, దయ్యమూ కాదు. మందు వల్ల కండరం పట్టేసింది, అంతే. ఇలాంటివాటికి దారులున్నాయి. మోతాదు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు, తోడుగా ఇంకోటి ఇవ్వొచ్చు. అవన్నీ డాక్టరు చెయ్యాల్సిన పనులు. మీ అంతట మీరు ఆపారనుకోండి, ఆ గొంతులు మళ్లీ మొదలవుతాయి. ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చి, మనిషి బిగుసుకుపోయి, మాట తడబడితే మాత్రం నన్ను కూడా వెతకొద్దు, నేరుగా పెద్దాసుపత్రికి పరుగెత్తండి" అన్నారు. ఇక్కడి పెద్దాసుపత్రిలో చూపించుకుని మందు ఇక్కడే తీసుకోమని, కంపెనీకి చెప్పేయమని కూడా అన్నారు. ఆ ఒక్క మాట మేము వినలేదు. హన్మాండ్లు నా చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. "ఎవ్వలకు చెప్పకు అన్నా. చెప్తివా, నా నౌకరి ఖలాస్." చెప్పనన్నాను. ఆయన మాట విని ఉంటే నేను ఈ కుర్చీలో ఉండేవాణ్ణి కాదు.

మిగతావన్నీ చేశాం. నేను వంటవాణ్ణి, నాకు తెలిసిన సామానుతో చేశాను. రూములో నాది పాత పోపుల డబ్బా ఒకటి ఉండేది. ఏడు గిన్నెలు, ఏడు రోజులు. ఆవాలూ జీలకర్రా సీసాల్లోకి మార్చేసి, శనివారం నుంచి మొదలుపెట్టి వరుసగా సర్దాను, నడిమి గిన్నె శుక్రవారానిది. గిన్నె ఖాళీ అయిందంటే వేసుకున్నట్టు, లేదంటే మరచిపోయినట్టు. డాక్టరు గారు చెప్పినట్టే పెద్ద బిళ్ల రాత్రి భోజనమయ్యాక, ఎందుకంటే దానికి మత్తు వస్తుంది, ఆ మత్తేదో మంచం మీద వస్తే మంచిది. చిన్న బిళ్ల పొద్దున తిన్నాక. పై మంచం నుంచి అతన్ని కింది మంచానికి మార్చి, నేను పైకి ఎక్కాను. లేవగానే కళ్లు తిరుగుతాయి కాబట్టి, కాసేపు కూర్చుని లేవాలని ఒట్టు పెట్టించాను. ఆ మందుతో ఎండ తట్టుకోలేరట, చెమట సరిగా పట్టదట. ఎత్తు ఎక్కితే భయమని ఫోర్‌మన్‌కు చెప్పించి, షెడ్డు కింద చెక్కలు కోసే పనికి మార్పించాం. ఇంకో అబద్ధం, రాసుకోండి. నోరు ఎండితే గుక్కెడు గుక్కెడు నీళ్లు, బుగ్గన ఒక లవంగం. అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టాను. తిట్టుకుంటూ తిన్నాడు.

కాళ్లలో చీమలకు మాత్రం నా దగ్గర సామాను లేదు. అందుకని నడిచాం. డాక్టరు గారు మోతాదు సరిచేశాక, అవి తగ్గేదాకా, రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా సముద్రం ఒడ్డున నడిచాం. అతను ముందు, నేను వెనక, చేతులు ఊపు, చేతులు ఊపు అని అరుస్తూ. వలలు బాగు చేసుకునే ముసలివాళ్లు మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. కొన్నాళ్లకు వాళ్లే "యల్లా, యల్లా", అంటే కానివ్వు కానివ్వు అని చేతులు ఊపి చూపించేవాళ్లు. ఒక సాయంత్రం హన్మాండ్లు ఆగి, వెనక్కి తిరిగి నవ్వాడు. అడగకుండానే తెలిసింది నవ్వని.

సముద్రం సంగతి వద్దు, బిళ్లల సంగతి చెప్పమని సారు అంటున్నారు. నేను చెబుతున్నది బిళ్లల సంగతే. ఆ సాయంత్రాలు నా జీవితంలో అన్నింటికన్నా మంచివి. కష్టకాలమని అప్పుడు అనుకున్నాను. 2007లో కంపెనీ మమ్మల్ని దుబాయ్ మార్చింది, ఉమ్ అల్ క్వైన్ క్యాంపు కూలగొట్టారని విన్నాను. పద్నాలుగో నంబరు రూము ఇప్పుడు లేదు.

ఇదివరకు హన్మాండ్లు సెలవుకు వెళ్లినప్పుడు తన బిళ్లలు తనే తెచ్చుకునేవాడు, చీటీతో, రేకులతో. ఈసారి అతనికి సెలవు దొరకలేదు. ఫిబ్రవరిలో నేను వెళ్లాను. మార్చి 5న నిజామాబాదు డాక్టరమ్మను కలిశాను, ఆమె ఫోనులో అతనితో మాట్లాడి, మూడు నెలలకు రాసిచ్చింది. రేకుల నుంచి తీయొద్దు, చీటీ దగ్గరుంచుకో అని ఆమె చెప్పింది కూడా.

అయినా తీశాను. ఎందుకంటే హన్మాండ్లు వేళ్లకు ఆ రేకులో నుంచి బిళ్ల బయటికి రాదు. నొక్కబోతే వేలు జారుతుంది, బిళ్ల ఎగిరి మంచం కిందకు పోతుంది, పెద్ద మనిషి మోకాళ్ల మీద కూర్చుని వెతుక్కుంటాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని తలుపు వైపు చూస్తూ వెతుక్కుంటాడు. అది నేను చూడలేను. రోజూ రూములో ఆ బిళ్లలు ఒలిచేది నేనే. ఈసారి మెస్సులో నాకు పొద్దుటి డ్యూటీ వేస్తారని తెలిసి, అతను లేచేసరికి నేను ఉండనని, మా వాకిట్లో కూర్చుని మూడు నెలలవీ ఒకేసారి ఒలిచేశాను. నా భార్య బఠాణీలు ఒలుస్తున్నావా అని ఎక్కిరించింది. పాత డబ్బాకు మూత వదులైందని కొత్త డబ్బా కొన్నాను. గిన్నెలు నిండుగా ఉంటే చూసి సంతోషపడతాడనుకున్నాను. నేను చేసిన నేరం ఇది. ఇంతకు మించి ఏమీ లేదు.

ఇవాళ పొద్దున హన్మాండ్లు జానీ బాషాతో కలిసి వచ్చాడు. తన ఫైలు తెచ్చాడు, 2005 నుంచి ఉన్న చీటీలన్నీ అందులో ఉన్నాయి. పాత పోపుల డబ్బా కూడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. గిన్నెలు ఏడూ ఖాళీ. చిన్న బిళ్లలు శుక్రవారం నాటికి, పెద్దవి నిన్న రాత్రికి అయిపోయాయి. నేను ఆదివారం వస్తానని ఊరుకున్నాడు. నా ఎదుట కూర్చుంటే చూశాను, కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ముదీర్‌కు నేనే చెప్పిన అన్నా. ఏడు గంటలకు పోయి, అంత చెప్పిన" అన్నాడు.

"ఏమన్నడు?"

"కుర్చీల కూసోమన్నడు. ఆరేండ్లల్ల మొదటిసారి."

"నౌకరి పోతే?"

"పోతే పోనీ. నువ్వు లోపల ఉంటే నాకు గోలీలు ఎవలు ఒలిచిస్తరే?"

జానీ బాషా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. నూర్ మొహమ్మద్ గారు ఆ మాట రాయాలా అని అడిగారు, రాయమన్నాను.

సారుకు ఒక విన్నపం. నన్ను ఏం చేయాలో మీ చట్టం ప్రకారం చేయండి. హన్మాండ్లును మాత్రం ఇవాళే ఆసుపత్రికి పంపండి. చిన్న బిళ్ల మానేసి ఇది నాలుగో రోజు. కిందటిసారి నాలుగో రోజే మెడ తిరిగింది. ఇప్పుడు దాచవలసింది ఏమీ లేదు కాబట్టి పెద్దాసుపత్రికే పంపండి. సారు ఫోను ఎత్తి మాట్లాడారు. ఒంటిగంటకు బండి వస్తుందని నూర్ మొహమ్మద్ గారు చెప్పారు.

నేను చెప్పింది ఇంతే. నూర్ మొహమ్మద్ గారు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించారు. ఒక్క మాట కూడా ఎక్కువా తక్కువా లేదు. నిన్నటి అబద్ధమూ నాదే, ఇవాళ్టి నిజమూ నాదే. ఎవరి భయం వల్లా, ఎవరి ఆశ వల్లా ఇది చెప్పలేదు. సమయం పన్నెండు గంటల నలభై నిమిషాలు. వేలిముద్రకు సిరా డబ్బా ముందుకు జరిపారు. వద్దు, సంతకం పెడతానన్నాను.

సాక్షిగా హన్మాండ్లు కూడా కలం పట్టుకున్నాడు. రెండుసార్లు రాశాడు. పాస్‌పోర్టులో ఉన్న సంతకంతో కలవడం లేదని సారు అన్నారు. హన్మాండ్లు కలం కింద పెట్టి, సిరా డబ్బా తన వైపు జరుపుకున్నాడు. ఇది చదివేవాళ్లు అతనికి చదువు రాదని అనుకోకూడదు. పైన నేను పెట్టే మూడక్షరాలూ అతను నేర్పినవే. ఈ సంగతి కూడా వాంగ్మూలంలో చేర్చమని అడిగాను, చేర్చారు.

(సంతకం) ఆశన్న

సాక్షి: హన్మాండ్లు, ఎడమచేతి బొటనవేలి ముద్ర